కొండమీద ఒంటరి సాధకురాలు: డయాన్ ఫాసీ

శాస్త్ర పరిశోధన అనగానే సాధారణంగా మన మనస్సులో మెదిలేవి నాలుగు గోడల నడుమ ఒక ప్రయోగశాల, గాజు గొట్టాలు, సూక్ష్మదర్శిని, తెల్లని అంగీ తొడుక్కున్న ఒక పండితుడు. కాని వానలో తడుస్తూ, బురదలో మోకాళ్ళమీద ప్రాకుతూ, ముళ్ళపొదల మాటున గంటల తరబడి కదలక కూర్చుండి సాగించే పరిశోధన కూడ ఒకటున్నది. అడవిలో స్వేచ్ఛగా తిరుగాడే జంతువుల నడవడిని వాటి సొంత నెలవులోనే గమనించి గ్రంథస్థం చేయడం దాని లక్ష్యం. ఆ మార్గంలో పద్దెనిమిది సంవత్సరాలకు పైగా నడచి, ఆ మార్గంలోనే ప్రాణాలు కోల్పోయిన డయాన్ ఫాసీ జీవితాన్ని ఈ వ్యాసంలో పరిచయం చేయదలచినాము.

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి జంతుశాస్త్రంతో పని ఏమిటని కొందరు విద్యార్థులు మమ్ములను అడుగవచ్చును. ప్రాణికోటిని తెలుసుకోవడంలో భాషకు కూడ పాత్ర ఉన్నదని మా అభిప్రాయం. మన కొండలమీది కోతికీ, కొండముచ్చుకూ తెలుగులో పేర్లున్నవి. గొరిల్లాకు లేదు, అది మన దేశపు జంతువు కాదు. మనిషిని పోలిన తోకలేని పెద్ద కోతులను ఉర్దూలో బన్‌మానుస్ అంటారు. అడవి మనిషి అని దాని అర్థం. ఆ మాట పుట్టించిన వారికి ఆ ప్రాణిలో మనిషి పోలిక కనిపించింది. పాశ్చాత్య ప్రపంచానికి మాత్రం గొరిల్లా అంటే చాలకాలం ఒక భయంకర రాక్షసి. 1902లో ఒక జర్మన్ సైనికాధికారి మధ్య ఆఫ్రికా కొండలమీద రెండింటిని కాల్చి చంపిన తరువాతనే పర్వత గొరిల్లా సంగతి శాస్త్రలోకానికి తెలిసింది. 1933లో వచ్చిన కింగ్‌కాంగ్ చలనచిత్రం ఆ భయాన్ని ఇంటింటికీ చేర్చింది. ఈ అపోహను తొలగించడమే ఫాసీ జీవితకృషిలో ప్రధాన భాగం.

డయాన్ ఫాసీ 1932వ సంవత్సరం జనవరి 16వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించింది. ఆమెకు ఆరేళ్ళ వయస్సులో తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి ఒక వ్యాపారిని పునర్వివాహం చేసుకున్నది. సవతి తండ్రి క్రమశిక్షణ పేరిట పదేళ్ళు నిండేవరకు ఆ పిల్లను పెద్దలతో కలిసి భోజనానికి కూర్చోనిచ్చేవాడు కాదు. వంటింటిలో పనిమనిషితో కలిసి అన్నం తిన్న ఆ బాల్యం ఆమెను ఏకాంతానికి అలవాటు చేసింది. మనుషుల దగ్గర దొరకని ఆప్యాయతను ఆమె జంతువుల దగ్గర వెదకుకొన్నది.

పశువైద్యురాలు కావాలన్న కోరికతో ఆమె డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరింది. కాని రసాయన, భౌతిక శాస్త్రాలలో ఉత్తీర్ణురాలు కాలేకపోయింది. ఒక పరీక్ష తప్పగానే జీవితమే ముగిసినట్లు కృంగిపోయే మన విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. ఆమె శాన్‌హోసే కళాశాలకు మారి 1954లో ఆక్యుపేషనల్ థెరపీలో పట్టం పుచ్చుకొన్నది. అంగవైకల్యం గలవారికి నిత్యకృత్యాల అభ్యాసం ద్వారా తిరిగి జీవన సామర్థ్యం కలిగించే విద్య ఇది. తరువాత కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరంలో వికలాంగ బాలల ఆసుపత్రిలో ఉద్యోగం చేసింది. మాట రాని పిల్లల, చేయి కదపలేని పిల్లల మనస్సు తెలుసుకొని, తొందరపెట్టకుండా వారి విశ్వాసం సంపాదించడమే అక్కడ ఆమె పని. అక్కడ అలవడిన ఓర్పే తరువాత అడవిలో ఆమెకు అక్కరకు వచ్చిందని మేము భావిస్తున్నాము.

ఆఫ్రికా చూడాలన్నది ఆమె చిరకాల వాంఛ. 1963లో దాచుకొన్న సొమ్మంతా వెచ్చించి, అది చాలక అప్పుచేసి, ఏడువారాల యాత్రకు బయలుదేరింది. నేటి టాంజానియాలోని ఓల్దువాయి లోయలో ప్రాచీన మానవుని అవశేషాలను త్రవ్వి తీస్తున్న ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు లూయీ లీకీని కలుసుకొన్నది. అక్కడ కాలుజారి పడి చీలమండకు దెబ్బ తగిలించుకొన్నది. ఆ నొప్పితోనే మరి కొన్నాళ్ళకు కాంగో దేశంలోని మికేనో పర్వతం ఎక్కి, కబారా అనే పచ్చికబయలు చేరి, జీవితంలో మొదటిసారి పర్వత గొరిల్లాలను చూచింది. అక్కడి నుండి ఇంటికి తిరిగి వచ్చి ఉద్యోగంలో చేరినా, ఆమె మనస్సు ఆ కొండమీదనే నిలిచిపోయింది.

1966లో లీకీ ఉపన్యాసం ఇవ్వడానికి లూయీవిల్ వచ్చారు. ఆఫ్రికా యాత్రను గూర్చి తాను పత్రికలో వ్రాసిన వ్యాసాలు పట్టుకొని ఫాసీ ఆయన వద్దకు వెళ్ళింది. కోతిజాతి ప్రాణులను తెలుసుకొంటే ఆదిమానవుని జీవితాన్ని ఊహించవచ్చునని లీకీ విశ్వాసం. అందుకు పట్టాలకంటె ఓర్పు ముఖ్యమని, ఆ ఓర్పు స్త్రీలలో ఎక్కువని ఆయన నమ్మేవారు. చింపాంజీల పరిశీలనకై జేన్ గుడాల్‌ను గోంబే అడవికి పంపినవారు ఆయనే. గొరిల్లాల పరిశీలన ఫాసీకి అప్పగించడానికి సిద్ధపడి, వైద్యుడు దొరకని చోటికి వెళ్ళేముందు అపెండిక్స్ తీయించుకోవడం మంచిదని సూచించారు. ఆమె నిజంగానే శస్త్రచికిత్స చేయించుకొన్నది. ఇంటికి రాగానే ఆయన ఉత్తరం అందింది. అది అవసరమై చెప్పిన మాట కాదని, ఆమె పట్టుదలను పరీక్షించడానికే అలా అన్నానని అందులో ఉన్నది. అప్పటికి ఆమె వయస్సు 34 సంవత్సరాలు. జంతుశాస్త్రంలో ఏ పట్టమూ లేదు.

1967 జనవరిలో కబారాలో పని ప్రారంభమైంది. అంతకు పూర్వం 1959, 1960 సంవత్సరాలలో జార్జ్ షాలర్ అనే శాస్త్రజ్ఞుడు అదే ప్రదేశంలో గొరిల్లాలను గూర్చి తొలి సమగ్ర పరిశోధన చేసి ఉన్నాడు. షాలర్‌కు జాడ తీసిపెట్టిన సన్వెక్వే అనే ఆఫ్రికా దేశీయుడే ఫాసీకి అడవిలో తొలి గురువయ్యాడు. విరిగిన కొమ్మను, నలిగిన ఆకును, పేడను బట్టి మంద ఎటు పోయినదో, ఎంతసేపటి క్రితం పోయినదో కనుగొనే విద్య ఆయన నేర్పాడు. ఆమె నివాసం ఏడడుగుల వెడల్పు, పదడుగుల పొడవుగల ఒక గుడారం. పదివేల అడుగుల ఎత్తున ఆ చలిలో పడక, వ్రాతబల్ల, తడిసిన బట్టల ఆరవేత అన్నీ అందులోనే.

ఆరు నెలలు తిరగకముందే కాంగోలో అంతర్యుద్ధం చెలరేగింది. 1967 జూలైలో సైనికులు వచ్చి ఆమెను కొండమీద నుండి దించి నిర్బంధించారు. ఆమె ఉపాయంతో తప్పించుకొని ఉగాండా సరిహద్దు దాటింది. ఇంతటితో ఇల్లు చేరుకోవడమే వివేకమని ఎవరైనా అనుకొంటారు. ఆమె మాత్రం అదే పర్వతపంక్తికి రెండవవైపునగల రువాండా దేశంలో ప్రవేశించింది. 1967 సెప్టెంబరు 24వ తేదీన కరిసింబి, విసోకే అనే రెండు అగ్నిపర్వతాల నడుమ క్రొత్త విడిది నెలకొల్పి, ఆ రెండు పేర్లనుండి చెరికొంత తీసుకొని దానికి కరిసోకే అని పేరు పెట్టింది. రెండు గుడారాలతో మొదలైన ఆ విడిది ప్రపంచ ప్రసిద్ధమైన పరిశోధన కేంద్రంగా ఎదిగింది.

ఆమె అనుసరించిన పద్ధతిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మనిషిని చూడగానే గొరిల్లాలు కేకలు వేసి పారిపోయేవి. వాటికి మనిషి అంటే ఈటె, ఉచ్చు, తుపాకి. ఫాసీ దాగి ఉండి చూడడం మానుకొన్నది. కనిపించేటట్లు కూర్చుండి, తాను అపాయకారిని కానని తెలియజేయడం మొదలుపెట్టింది. వాటికంటె ఎత్తుగా నిలువక నేలమీద ఒదిగి ఉండేది. వాటివలె పిడికిళ్ళమీద నడిచేది, ఆకులు నమిలేది, ఒళ్ళు గోకుకొనేది, మేత మేసేటప్పుడు అవి తృప్తిగా చేసే గొంతు సవ్వడిని అనుకరించేది. మొదటి రోజులలో రొమ్ము చరచుకొనడం కూడ అనుకరించింది. అది వాటి భాషలో ఆందోళనకు గుర్తు అని తెలుసుకొని మానుకొన్నది. ప్రతి గొరిల్లా ముక్కుమీది ముడుతలు వేరువేరుగా ఉంటాయి. మన వ్రేలిముద్రలవలె ఏ రెండింటికీ కలియవు. ఆ ముడుతలను బొమ్మలుగా గీసికొని వ్యక్తులను గుర్తుపట్టింది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టింది.

వేల గంటల పరిశీలన వలన తేలిన విషయాలు అపురూపమైనవి. మగ గొరిల్లా 350 పౌండ్ల వరకు తూగగలదు. కాని అది శాకాహారి. ఆ ప్రాంతపు గొరిల్లాలు తినే 58 రకాల మొక్కలను ఆమె గుర్తించింది. వాటి ఆహారంలో ఆకులు, చిగుళ్ళు, కాడలే నూటికి 86 వంతులు; పండ్లు కేవలం రెండు వంతులు. ప్రతి మందకు వీపుమీద వెండిరంగు వెంట్రుకలుగల ఒక పెద్ద మగది నాయకత్వం వహిస్తుంది. దాని భీకర గర్జన, మీదికి ఉరకడం చాలవరకు బెదిరింపే. కుటుంబాన్ని కాపాడుకోవడమే దాని ఉద్దేశం. ఆడవి యుక్తవయస్సు వచ్చిన తరువాత సాధారణంగా పుట్టిన మంద విడిచి వేరొక మగదానివద్దకు చేరుతాయి. ఒక్కొక్క ఆడది సుమారు నాలుగేళ్ళకు ఒక పిల్లను కంటుంది. వాటి గొంతు ధ్వనులను వర్గీకరించి ఏ సందర్భంలో ఏ ధ్వని చేస్తాయో ఆమె శాస్త్రపత్రికలో వివరించింది.

కఠోరమైన సత్యాలను కూడ ఆమె దాచలేదు. మంద నాయకుడు మరణించినప్పుడు వేరొక మగది వచ్చి అతని పసిపిల్లలను చంపడం గొరిల్లాలలో ఉన్నదని కరిసోకే పరిశోధనలు వెల్లడించాయి. మన పొరుగున కర్ణాటకలోని ధార్వాడ ప్రాంతంలో 1960వ దశకం ఆరంభంలోనే సుగియామా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు కొండముచ్చులలో ఇటువంటి ప్రవర్తనను గమనించి ఉన్నాడు. ప్రేమించిన జీవిలో కూడ ఉన్నదానిని ఉన్నట్లు చూడడమే శాస్త్రజ్ఞుని ధర్మం. ఈ విషయంలో ఫాసీ ఆ ధర్మం తప్పలేదు.

1970లో పీనట్స్ అని ఆమె పేరుపెట్టిన ఒక పడుచు మగ గొరిల్లా ఆమెను సమీపించింది. ఆమె అరచేయి వెల్లకిల వేసి నేలమీద ఉంచి కదలక పడుకొన్నది. ఆ గొరిల్లా కొంత తటపటాయించి తన వ్రేళ్ళతో ఆమె వ్రేళ్ళను తాకింది. మూడేళ్ళ నిరీక్షణకు అది ఫలితం. ఆ తావుకు స్థానిక భాషలో చేతుల తావు అని అర్థం వచ్చే పేరు స్థిరపడింది. అదే సంవత్సరం జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖపత్రంమీద గొరిల్లా పిల్లలతో ఆమె చిత్రం వెలువడి లోకమంతటా కీర్తి వచ్చింది. అయినా పట్టం లేని పరిశోధకురాలి మాటకు విద్వత్సభలలో విలువ తక్కువని గ్రహించి, కొండకూ కేంబ్రిడ్జికీ నడుమ తిరుగుతూ, రాబర్ట్ హైండ్ పర్యవేక్షణలో డాక్టరేటు సంపాదించింది. కళాశాలలో రసాయనశాస్త్రం తప్పిన విద్యార్థిని కేంబ్రిడ్జి డాక్టరు కావడానికి దాదాపు పాతిక సంవత్సరాలు పట్టింది.

ఇంతవరకు చెప్పినది ఆమె విజయగాథ. ఇక మీద చెప్పవలసినది మరింత క్లిష్టమైనది.

1969లో జర్మనీలోని కొలోన్ జంతుప్రదర్శనశాలకోసం కోకో, పకర్ అనే రెండు గొరిల్లా పిల్లలను పట్టారు. పిల్లలను విడువక పోరాడే పెద్ద గొరిల్లాలు అనేకం ఆ పట్టుకోవడంలో చంపబడినవి. చావుబ్రతుకుల మీదనున్న ఆ పిల్లలకు ఫాసీ తన కుటీరంలో సేవచేసి ప్రాణం పోసింది. అడవిలో విడిచిపెట్టమని ప్రాధేయపడింది. అధికారులు వినలేదు. ఆ రెండూ కొలోన్‌లోనే 1978లో మరణించాయి. అదే 1969లో పైరెత్రం అనే క్రిమిసంహారక పుష్పాల సేద్యానికై రువాండా ప్రభుత్వం ఆ అభయారణ్యంలో 22,000 ఎకరాలకు పైగా కోసివేసింది. లేళ్ళకు పన్నిన ఉచ్చులలో గొరిల్లాల చేతులు, కాళ్ళు చిక్కి కుళ్ళిపోయేవి. వాటి తలలను, చేతులను విదేశీయులు జ్ఞాపికలుగా కొనేవారు. షాలర్ కాలంలో విరుంగా పర్వతాలలో సుమారు 450 ఉండిన గొరిల్లాలు 1981 నాటికి సుమారు 250కి తగ్గిపోయాయి.

ఆమెకు మిక్కిలి చేరువైన గొరిల్లా పేరు డిజిట్. వంకరపోయిన ఒక వ్రేలు కారణంగా ఆ పేరు వచ్చింది. మన వ్యాకరణంలో పశుపక్ష్యాదులు అమహద్వాచకాలు. వాటిని గూర్చి అది వచ్చింది, అది పోయింది అనే వ్రాయాలి. కాని డిజిట్ కథ చదివినవారికి ఆ నియమం పాటించడం కష్టం. మందలో తన ఈడువారు లేని ఆ పిల్లవాడు ఆమెతో ఆటలాడుతూ పెరిగాడు. ఆమె వస్తువులను ఎత్తి చూచి, వాసన చూచి, తిరిగి పెట్టేవాడు. పెరిగి మందకు కావలివాడయ్యాడు. అతని చిత్రాన్నే రువాండా ప్రభుత్వం యాత్రికులను ఆహ్వానించే ప్రకటనలమీద ముద్రించింది. 1977 డిసెంబరు 31వ తేదీన దొంగవేటగాళ్ళు కుక్కలతో వచ్చినప్పుడు మందను తప్పించి తాను ఎదురునిలిచి, ఈటెపోట్లకు బలి అయ్యాడు. తలను, చేతులను నరికి పట్టుకొనిపోయారు. మరి ఏడు నెలలకు ఆ మంద నాయకుడు కూడ చంపబడ్డాడు.

ఆ రోజునుండి ఆమె పరిశోధకురాలుగా మిగలలేదు. 1978లో డిజిట్ పేరిట నిధి నెలకొల్పి, కావలివారిని నియమించింది. 1979లో నాలుగు నెలల కాలంలో ఆమె మనుషులు నలుగురు 987 ఉచ్చులను త్రుంచివేశారు. గ్రంథాలు వ్రాయడంకంటె గస్తీ తిరగడమే ముఖ్యమని ఆమె నిశ్చయం. వ్రాయడానికి ప్రాణులే మిగలకపోతే విజ్ఞానమెక్కడిదని ఆమె వాదం. ఆ వాదంలో న్యాయమున్నది.

అయితే ఆమెను దేవతగా చిత్రించడం మా ఉద్దేశం కాదు. పట్టుబడిన వేటగాళ్ళపట్ల ఆమె నిర్దయగా ప్రవర్తించింది, కొట్టించింది కూడ. ముఖానికి బూచిముసుగులు వేసుకొని, మంత్రగత్తెనని నమ్మించి భయపెట్టింది. అడవిలో మేతకు వచ్చిన పశువులను నిర్బంధించింది. ఆ వేటగాళ్ళలో చాలమంది బట్వా తెగవారు. తరతరాలుగా అడవిమీద ఆధారపడి బ్రతికిన నిరుపేదలు. కొండ క్రింద జానెడు భూమికై కటకటపడే రైతు దృష్టిలో, తన దేశపు అడవిలోకి తనను రానీయని ఈ విదేశీ వనిత న్యాయమూర్తి ఎట్లా కాగలదు? గొరిల్లా విశ్వాసం సంపాదించడానికి నేలమీద ప్రాకిన ఫాసీ, ఆ రైతు విశ్వాసం సంపాదించడానికి అంతటి ఓర్పు చూపలేదు. ఆమె జీవితంలోని పెద్ద లోటు ఇదేనని మా నమ్మకం. స్థానికులు ఆమెను న్యిరామచబెల్లి అని పిలిచారు. కొండమీద ఒంటరిగా నివసించే స్త్రీ అని దాని భావం. అందులో గౌరవమూ ఉన్నది, దూరమూ ఉన్నది.

1980 నుండి కొంతకాలం అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో బోధించి, 1983లో తన అనుభవాలను గొరిల్లాస్ ఇన్ ది మిస్ట్ అనే గ్రంథంగా ప్రకటించింది. ఆ గ్రంథం విశేషాదరణ పొందింది. ఊపిరితిత్తుల జబ్బుతో కొండ ఎక్కడమే కష్టమైనా తిరిగి కరిసోకే చేరింది. 1985 డిసెంబరు 26వ తేదీ రాత్రి ఎవరో ఆమె కుటీరంలో ప్రవేశించి కత్తితో నరికి చంపారు. అప్పటికి ఆమెకు 53 సంవత్సరాలు. రువాండా న్యాయస్థానం ఒక అమెరికన్ పరిశోధక విద్యార్థిని అతని పరోక్షంలో దోషిగా తీర్మానించింది. ఆ తీర్పును నమ్మనివారు అనేకులు. హంతకుడెవరో నేటికీ నిర్ద్వంద్వంగా తేలలేదు. చనిపోయిన గొరిల్లాలకోసం తాను కట్టించిన శ్మశానంలోనే, డిజిట్ సమాధి ప్రక్కన ఆమెను ఖననం చేశారు.

ఆమె తరువాత ఏమైనదన్న ప్రశ్నకు సమాధానం ఊరట కలిగించేదే. 1988లో ఆమె జీవితం చలనచిత్రంగా వచ్చింది. 1994లో రువాండాలో జరిగిన భయంకర మానవసంహారం దరిమిలా కరిసోకే విడిది ధ్వంసమైంది. అయినా పని ఆగలేదు. ఆమె పేరు ధరించిన సంస్థ ఆధ్వర్యంలో 2022లో కొండ దిగువన కినిగి వద్ద విశాలమైన పరిశోధన ప్రాంగణం వెలసింది. విరుంగాలో గొరిల్లాల సంఖ్య 2015, 2016 సంవత్సరాల లెక్కల ప్రకారం 604కు పెరిగింది. ఉగాండాలోని బ్విండి అడవివాటితో కలిపితే పర్వత గొరిల్లాలు వెయ్యికి మించాయి. అంతరించిపోయే అత్యంత ప్రమాదస్థితినుండి అవి ఒక మెట్టు బయటపడినట్లు 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రకటించింది.

ఇందులో ఒక విశేషమున్నది. ఈ పునరుద్ధరణకు ఒక ముఖ్య సాధనం, ఆమె తీవ్రంగా వ్యతిరేకించిన యాత్రికుల సందర్శనమే. గొరిల్లాలను చూడవచ్చేవారు చెల్లించే రుసుములో కొంత భాగం ఇరుగుపొరుగు గ్రామాలకు అందుతున్నది. గొరిల్లా బ్రతికి ఉంటేనే తమకు లాభమని రైతు గ్రహించాడు. మనుషుల రోగాలు గొరిల్లాలకు సోకుతాయన్న ఆమె భయం మాత్రం సత్యమే. అందుకే నేడు సందర్శకులు దూరం పాటించాలని నియమాలున్నవి. ఆమె పేర్లు పెట్టిన ఆచారాన్ని రువాండా ప్రజలు తమదిగా చేసుకొన్నారు. 2005 నుండి అక్కడ గొరిల్లా పిల్లల నామకరణం జాతీయోత్సవంగా జరుగుతున్నది. ఒకనాడు ఒంటరి స్త్రీ తన నోటుపుస్తకంలో వ్రాసుకొన్న పేర్లు నేడు ఒక జాతి పండుగ అయినవి.

విద్యార్థినీ విద్యార్థులు ఈ జీవితంనుండి గ్రహించవలసినవి రెండున్నవి. దేనిని తెలుసుకోవాలన్నా దానికంటె ఎత్తున నిలిచి కాక, దాని ప్రక్కన ఒదిగి కూర్చుండి తెలుసుకోవాలి. తెలుసుకొన్న తరువాత దానిపట్ల బాధ్యత తప్పదు. మొదటి పాఠాన్ని డయాన్ ఫాసీ అడవిలోని మూగప్రాణుల విషయంలో సంపూర్ణంగా ఆచరించింది. రెండవ పాఠానికి తన ప్రాణమే వెలగా చెల్లించింది. కొండ క్రింది మనుషుల ప్రక్కన కూడ ఒదిగి కూర్చుండే పని ఆమె మిగిల్చి వెళ్ళింది. దానిని నేడు రువాండా యువతీయువకులు, ఆ దేశపు పరిశోధకులు చేస్తున్నారు. మన చుట్టూ ఉన్న గుట్టలమీది, చెరువుగట్లమీది ప్రాణులకోసం అటువంటి పని చేయవలసినవారు మన కళాశాలలనుండి కూడ రావాలని మేము మనసారా కోరుతున్నాము.